మొదటాయనకు నోటీసు

ఆ ఏడు ప్రభుత్వం వారు పాతవాటన్నింటికీ పుట్టుక కనిపెట్టి తీరాలని తీర్మానించారు. "మన మూలం, మన బలం" అని ప్రతి ఊరి గోడమీదా పచ్చరంగుతో రాయించారు. బళ్లలో పిల్లలు తమ బడి మూలం గురించి వ్యాసాలు రాశారు. మార్కెట్ యార్డువాళ్లు కాటా మూలం వెతికారు. ఒక ఊళ్లో చేతిపంపుకు పుట్టినరోజు చేసి, దండ వేసి, అది నీళ్లు పోయడం మానేసి చాలాకాలమైందన్న సంగతి అప్పుడు గమనించి, దండ మాత్రం అలాగే ఉంచేశారు. ఇంత పని చూసుకోవడానికి జిల్లాకొక మూలాల నిర్ధారణ అధికారి అవసరమయ్యాడు. ఆ జిల్లాకు వచ్చినాయన పేరు పరాంకుశరావు.

పరాంకుశరావు చెడ్డవాడు కాడు. పరాయి సొమ్ము ముట్టడు, ఎవరిమీదా అరవడు, ఆఫీసు పెన్నుతో ఇంటి చీటీ రాయడు. ఆయనకున్నది ఒకటే నమ్మకం. దేనికైనా సక్రమమైన మొదలు ఉండాలి, మొదలు సక్రమం కానిది అసలు మొదలవనట్టే లెక్క.

ఆ నమ్మకంతో పాటు జీపెక్కి ఆయన ఒక ఉదయం గుండ్లవాగుపాలెం వచ్చాడు.

గుండ్లవాగుపాలెంలో పాత చర్చి ఒకటుంది. సున్నపు గోడలు, పెంకుల కప్పు, గంట కొడితే వాగు అవతల మేకలు కూడా తలెత్తుతాయి. చర్చి వెనక సమాధుల తోట. పాలెంలో ఎవరూ దాన్ని శ్మశానం అనరు. సీతాఫలం చెట్ల మధ్య తెల్ల సిలువలు, కొన్నిచోట్ల ఉత్త మట్టిదిబ్బలు, తలవైపు ఒక రాయి. ఓ మూలన వాలిపోయిన నాపరాయి పలక ఒకటుంది. దానిమీద అక్షరాలు వానలకు కరిగిపోగా "య్య" అనీ, కింద "నిద్రించుచున్నాడు" అనీ మిగిలాయి. ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. చర్చి కట్టించిన దొర వెంట పెట్టె మోసుకుంటూ వచ్చినాయన అని కొందరు, కలరా గత్తర వచ్చిన ఏడు పోయినాయన అని కొందరు అంటారు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే, ఈ తోటలో మొదట పడుకున్నది ఆయనే. అందుకే ఆయన్ని మొదటాయన అంటారు. సమాధుల పండుగనాడు మొదటి కొవ్వొత్తి ఆయనకే వెలుగుతుంది.

ఆ తోట మంచిచెడ్డలు చూసేది సంఘ కార్యదర్శి కొమ్ము జకరయ్య. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినవాడు. దిగినా కండక్టరుతనం పోలేదు. ఆదివారం గుడిలో వెనక నిలబడ్డవాళ్లను "ముందుకు జరగండి, ముందు ఖాళీ ఉంది" అని తోస్తూ ఉంటాడు. అధికారి వచ్చాడని తెలిసి ఉతికిన చొక్కా వేసుకుని తోట గేటు దగ్గర నిలబడ్డాడు.

"కార్యదర్శి గారూ, సదరు శ్మశానవాటిక ఏ దినమున ఆవిర్భవించినది?" అన్నాడు పరాంకుశరావు.

"ఆవిర్భవించడమంటే... ఇదిగో ఈ మొదటాయన్ని పెట్టిన రోజండీ."

"ఈయనకు పూర్వం ఇక్కడ ఏమున్నది?"

"జిల్లేడు చెట్లండి. మేకలు మేసేయంట."

"అనగా శ్మశానవాటిక లేదు."

"లేదండీ. ఎవరూ పోకముందు ఎట్టా ఉంటదండీ?"

పరాంకుశరావు నాపరాయి వైపు చాలాసేపు చూశాడు. "అనగా," అన్నాడు నెమ్మదిగా, "శ్మశానవాటిక కానటువంటి స్థలమునందు సదరు వ్యక్తిని ఖననం చేశారు."

జకరయ్య అవునని తలాడించబోయి మధ్యలో ఆపేశాడు. ఆ మాట ఎటు పోతోందో అతనికి అంతుబట్టలేదు కానీ మంచివైపు పోవడం లేదని మాత్రం తెలిసింది.

"ఎవరో ఒకళ్లు మొదలవ్వాల గదండీ," అన్నాడు.

"నిబంధనల్లో ఎవరో ఒకరు అనే వర్గం లేదు."

"మరి రెండో ఆయనండీ? ఆయనొచ్చేసరికి ఒకళ్లున్నారు గదా."

"రెండో వ్యక్తి ఒక అక్రమ ఖననం పక్కకు వచ్చారు. అక్రమాన్ని ఆనుకుని ఉన్నది కూడా అక్రమమే. మూడో వ్యక్తి ఆ ఇద్దరినీ చూసి వచ్చారు." ఆయన తోట నాలుగువైపులా చూశాడు. నిజంగానే బాధపడ్డాడు. "ఇంతమంది నిశ్చింతగా పడుకుని ఉన్నారు. ఒక్కరి కిందా ఆధారం లేదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మూలము నిర్ధారణ అగువరకు సదరు స్థలమునందు నూతన ఖననములు నిలుపుదల చేయడమైనది, గ్రామస్థులు అందుకు అనుగుణంగా నడుచుకోవలెను. అనుగుణంగా అంటే ఏంటండీ అని జకరయ్య ఫోను చేసి అడిగాడు.

"అంతవరకు ఓపిక పట్టవలెనని," అన్నాడు పరాంకుశరావు.

*

ఈ సంగతి ఊళ్లో అందరికీ చెప్పడం జకరయ్యకు కష్టం కాలేదు. ఒక్క మనిషికి చెప్పడమే కష్టమైంది. ఆవిడ అతని మేనత్త సువార్తమ్మ.

సువార్తమ్మ ఆ ఎండాకాలం నుంచి పోవడానికి తయారై ఉంది. జబ్బేమీ లేదు. ఇంక చాలనిపించింది, అంతే. తెల్లచీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. ఏ పాటలు పాడాలో చెప్పింది, వాటిని ఎవరు పాడకూడదో కూడా చెప్పింది. భర్త ఇస్సాకు సమాధి పక్కన జాగాకు ఇటుకలతో హద్దు కట్టించుకుని, మంచమెక్కేదాకా శనివారం శనివారం వెళ్లి సొంత వాకిలి ఊడ్చుకున్నట్టు ఊడ్చి నీళ్లు చల్లి వచ్చేది. పిల్లల్లేని మనిషి. జకరయ్య ఆవిడకు అన్న కొడుకే అయినా ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. ఆ జాగాలోనే పెడతానని ఆవిడకు మాటిచ్చి ఉన్నాడు.

వెళ్లేసరికి ఆవిడ మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అత్తా, ఆర్డరొచ్చింది. కొన్నాళ్లు ఎవరూ పోగూడదంట."

ఆవిడ ఇటు తిరిగింది. "ఎవరన్నారు?"

"గవర్నమెంటోళ్లు."

"నేనెప్పుడు పోవాల్నో ఆళ్లు చెప్పేదేంది?"

"పోతే పోవచ్చంట. తోటలో పెట్టనియ్యరంట. టౌను శ్మశానంలో పెట్టుకోమన్నారు."

సువార్తమ్మ లేచి కూర్చుంది. మూడు నెలల్లో ఎవరూ పట్టుకోకుండా లేవడం అదే మొదలు. "టౌనుకా? చచ్చినాక బస్సెక్కి పోవాల్నా నేను? ఆడ నా పక్కనెవరుంటారు, ముక్కూ మొహం తెలవనోళ్లు! రేపు కడబూర మోగి చచ్చినోళ్లంతా లేచినప్పుడు మీ మామ ఈడ లేస్తాడు. లేచి నా కోసం చూస్తాడు. అసలే ఆ మనిషికి నేను కనపడకపోతే చొక్కా యాడుందో తెలవదు. అంత జనంలో చొక్కా లేకుండా తిరగతా ఉంటాడు, నేనేమో టౌన్లో లేస్తా. బాగుంటదా?"

"బాగుండదత్తా."

"మరైతే నేను పోను. ఇది తేలేదాకా పోను. ఆ ఎండుచేపలు ఇటియ్యమను, పులుసు పెడతా."

ఆ పులుసుతో మొదలై పాలెంలో ముసలివాళ్లంతా లేచి కూర్చున్నారు. నోట్లో తులసినీళ్లలాంటివి పోయించుకోవలసిన మనుషులు అరుగుల మీద చేరి ప్రభుత్వాన్ని తిట్టడం మొదలుపెట్టారు. తిట్టేకొద్దీ ఆకలి వేసింది, తినేకొద్దీ బలం వచ్చింది. "ఎల్లప్పుడు సిద్ధముగా ఉండుడి" అని ఆ ఆదివారం ప్రసంగం తయారుచేసుకున్న పాస్టరు కృపాదానం గారు చివర్లో "అయినను తొందరపడకుడి" అని కలుపుకోవలసి వచ్చింది.

*

నిబంధనల ప్రకారం ఏ వ్యక్తి ఖననాన్నైనా అక్రమమని తేల్చే ముందు ఆ వ్యక్తికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పరాంకుశరావు ఈ విషయంలో ఏమాత్రం అన్యాయం చెయ్యదలుచుకోలేదు. మొదటాయనకు నోటీసు పంపాడు. మీరు శ్మశానవాటిక కాని స్థలములో ఏల పరుండితిరో పదిహేను దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను అని దాని సారాంశం. అటెండరు దాన్ని తీసుకొచ్చి నాపరాయికి జిగురుతో అంటించి, కాసేపు చెట్టునీడన కూర్చుని, తిరిగి వెళ్లి రిపోర్టిచ్చాడు. "సదరు వ్యక్తి నివాసంలోనే ఉన్నారు. పిలిచినా పలకలేదు."

మండలాఫీసులో విచారణ జరిగింది. అటెండరు వరండాలోకి వచ్చి "మొదటాయనా, హాజర్!" అని మూడుసార్లు కేక పెట్టాడు. పింఛన్ల కోసం వచ్చినవాళ్లు ఎవరా ఈ మొదటాయన అని అటూ ఇటూ చూశారు. జకరయ్యకు ఊరుకోబుద్ధి కాలేదు. పాస్టరు గారిని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాడు.

"ఆయన తరఫున నేను మాట్లాడతానండీ."

"మీరాయనకు ఏమవుతారు?"

"ఇప్పటికేం కానండి. తర్వాత పక్కోణ్ణవుతాను."

పరాంకుశరావు పెన్ను చివర గడ్డానికి ఆనించి ఆలోచించాడు. "భావి పొరుగువారు," అని గుమాస్తాకు చెప్పి రాయించాడు. "వాదించుటకు అనుమతించడమైనది. చూడండి, ఆయన్ని కాపాడాలని నాకూ ఉన్నది. మార్గం ఒకటే. ఆయనకంటే ముందు అక్కడ మరెవరైనా ఖననమై ఉంటే, ఆయన వచ్చేనాటికి అది శ్మశానవాటికే. ఆయన సక్రమం. ఆ ముందాయన్ని చూపించండి."

"ఆయన పేరే మొదటాయనండీ."

"అది వాడుక పేరు. మా విభాగం వాడుక పేర్లను గుర్తించదు."

"ఒకవేళ ముందాయన దొరికినా, ఆయనకు ముందు ఎవరని అడుగుతారు గదండీ?"

"తప్పకుండా అడుగుతాం."

కృపాదానం గారు మెత్తని మనిషి. తగవు ఎక్కడ నడుస్తున్నా సర్దిచెప్పబోవడం ఆయన అలవాటు. "ఇట్లా వెనక్కి వెళ్తూ ఉంటే హేబెలు దగ్గర ఆగిపోతామండి," అన్నారు. "లోకంలో మొట్టమొదట చనిపోయింది ఆయనే."

పరాంకుశరావు ముఖం వికసించింది. ఇన్నాళ్లకు ఒక మొదలు దొరికింది. గుమాస్తా చేతిలోని కాగితం తానే లాక్కున్నాడు.

"పేరు హేబెలు. తండ్రి పేరు?"

"ఆదాము."

"వృత్తి?"

"గొర్రెల కాపరి."

"మరణ కారణం?"

"అన్న చంపాడండి. పొలంలో."

పెన్ను ఆగింది. "కేసు పెండింగులో ఉన్నదా?"

"లేదండీ. తీర్పు అయిపోయింది. దేశదిమ్మరిగా తిరగమన్నారు."

"మంచిది. సదరు హేబెలు గారిని శ్మశానవాటికలోనే ఖననం చేశారా?"

"అప్పటికి శ్మశానాలెక్కడివండీ?" అన్నారు కృపాదానం గారు. "ఆయనే మొదలు."

పరాంకుశరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన లెక్క ప్రకారం ఇప్పుడు భూమ్మీద ఉన్న ఏ శ్మశానమూ సక్రమం కాదు. ఇంకొకరైతే ఈపాటికి లెక్క వదిలేసేవారు. ఆయన మాత్రం కళ్లజోడు పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అయితే," అన్నాడు, "లోకములో మొట్టమొదటి సక్రమ శ్మశానవాటికను గుండ్లవాగుపాలెంలో నెలకొల్పవలసిన బాధ్యత మనపై పడినది."

*

పథకం ఇలా తయారైంది. తోటను అలాగే ఉంచుతారు. అందులో ఇప్పుడు ఉన్నవారిని తాత్కాలిక నివాసులుగా చూపిస్తారు. మంత్రిగారు వచ్చి స్థలాన్ని శ్మశానవాటికగా ప్రకటించి రిబ్బను కత్తిరిస్తారు. ప్రకటన అయ్యాక, అదేరోజు సూర్యాస్తమయం లోపల, ఒక సక్రమమైన మొదటి ఖననం జరగాలి. జరిగితే తాత్కాలిక నివాసులందరూ ఆ మొదటి వ్యక్తి తర్వాత వచ్చినవారుగా క్రమబద్ధమవుతారు. జరగకపోతే ప్రకటన రద్దవుతుంది, తోట శాశ్వతంగా మూతపడుతుంది. మంత్రిగారి తేదీ కూడా దొరికేసింది.

ఇక కావలసింది ప్రథమ లబ్ధిదారు.

లబ్ధిదారు ఎంపిక కోసం బడి ఆవరణలో గ్రామసభ పెట్టారు. పరాంకుశరావు అర్హతలు చదివాడు. అరవై నిండి ఉండవలెను. తెల్లకార్డు ఉండవలెను. గతంలో ఇటువంటి లబ్ధి పొంది ఉండరాదు. ప్రారంభోత్సవ దినమునకు సిద్ధముగా ఉండవలెను.

"సిద్ధంగా అంటే?" అని ఎవరో అడిగారు.

"అన్ని విధాలా."

మామూలుగా పథకం అంటే ఒకరినొకరు తోసుకుని ముందుకొచ్చే జనం ఆరోజు ఒకరి వెనక ఒకరు నక్కారు. ఒకాయన తనకు అరవై నిండలేదని, ఆధార్‌లో తప్పు పడిందని మొరపెట్టుకున్నాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి సువార్తమ్మ లేచింది.

"నన్ను రాసుకో నాయనా. జాగా మాత్రం మా ఇస్సాకు పక్కన. అది వేరేవాళ్లకిస్తే ఊరుకోను."

"జాగా ఖరారు చేస్తున్నాం," అన్నాడు పరాంకుశరావు. చప్పట్లు కొట్టారు. జకరయ్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. దారిపొడుగునా ఆవిడ వెంట నడుస్తూ బతిమాలాడు.

"ఏం పని చేశావత్తా? ఆళ్లు తేదీ ఇచ్చారు!"

"ఇస్తే ఇచ్చారులే. తేదీ ఆళ్లది. టైము ఆయనది," అని ఆవిడ వేలు పైకి చూపించింది.

జకరయ్య భయం అది కాదు. సువార్తమ్మ అన్న మాట తప్పని మనిషి. వస్తానన్న పెళ్లికి వాగు పొంగినా వెళ్లి కూర్చున్న మనిషి. అంత మొండిది, పదిమందిలో ఒప్పుకున్నాను కదా అని నిజంగానే పోతుందేమోనని అతనికి గుబులు పట్టుకుంది. రోజూ తెల్లవారగానే ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్లి చెవి పెట్టేవాడు. లోపల ఆవిడ కోళ్లను తిడుతూ వినిపిస్తే, గుండెమీద చెయ్యి వేసుకుని ఇంటికొచ్చి టీ తాగేవాడు.

పరాంకుశరావు గుబులు వేరే. పనులు ఏ దశలో ఉన్నవో ప్రతి సోమవారం పైకి రాయాలి. నర్సమ్మ వచ్చి సువార్తమ్మకు బీపీ చూసేది. బాగుండేది. మళ్లీ వారం చూసేది. ఇంకా బాగుండేది. "ఆశించిన పురోగతి లేదు," అని రాసి పంపుతూ ఆయన సిగ్గుపడేవాడు. ఒకరోజు తనే వచ్చాడు. పెద్దమనిషి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా అని బత్తాయిలు తెచ్చాడు.

"మీమీద ఒత్తిడేమీ లేదమ్మా," అన్నాడు, కుర్చీ అంచున కూర్చుని. "కేవలం విచారించి పోదామని."

"తెలుసు నాయనా. నీ ఉద్యోగం అట్టాంటిది. మీ అమ్మ ఉందా?"

"లేదమ్మా. పోయి చాలాకాలమైంది."

"యాడ పెట్టారు?"

"మా ఊళ్లో ఏటి ఒడ్డున దహనం చేశామండి," అన్నాడు. "అది సక్రమమో కాదో నేనెప్పుడూ విచారించలేదు."

"విచారించమాక," అంది సువార్తమ్మ. అని చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది. ఆ తర్వాత ఆయన ప్రతి వారం బత్తాయిలు తేవడం మొదలుపెట్టాడు. వాటితో ఆవిడ బుగ్గలు కూడా నిండాయి. ఆవిడ ఉండాలని కోరుకోవడానికి ఉద్యోగం ఒప్పుకోదు, పోవాలని కోరుకోవడానికి మనసు ఒప్పుకోదు. పాపం ఆ మనిషి ఏమీ కోరుకోకుండానే జీపెక్కి వెళ్లిపోయేవాడు.

*

ప్రారంభోత్సవం రోజు తోట ముందు షామియానా వేశారు. గేటుకు అరటిబోదెలు, గులాబీరంగు రిబ్బను. పెద్ద ఫ్లెక్సీమీద సువార్తమ్మ ఫోటో, కింద "ప్రథమ లబ్ధిదారు శ్రీమతి సువార్తమ్మ గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు". ఇస్సాకు సమాధి పక్కన ఇటుకల హద్దు లోపల గొయ్యి తవ్వించి, చుట్టూ సున్నంతో గీతలు గీశారు. సువార్తమ్మ తెల్లచీర కట్టుకుని ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. జకరయ్య ఆవిడ వెనకే నిలబడ్డాడు, ఆవిడ వీపు కదులుతోందో లేదో చూసుకుంటూ.

మంత్రిగారు పొద్దుగూకే వేళకు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. స్థలాన్ని శ్మశానవాటికగా ప్రకటించారు. కెమెరాలవాళ్లు గొయ్యి చుట్టూ చేరారు.

"ఇక ఖననం కానివ్వండి. భౌతికకాయం ఏదీ?" అన్నారు మంత్రిగారు.

సువార్తమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

మంత్రిగారు ఆవిడ వైపు చూశారు, ఫ్లెక్సీ వైపు చూశారు, పరాంకుశరావు వైపు చూశారు.

"లబ్ధిదారు సర్వసన్నద్ధంగా ఉన్నారు సార్," అన్నాడు పరాంకుశరావు, చెమట తుడుచుకుంటూ. "ఒక్క అంశం మాత్రమే పెండింగు."

"ఆ ఒక్కటీ లేకుండా నేను రిబ్బనెట్టా కోశానయ్యా? ఇప్పుడేం పూడుస్తారు, నన్నా?"

"నేనేం చేసేది బాబూ," అంది సువార్తమ్మ. "పొద్దున్నించీ చూస్తానే ఉన్నా. రాలా."

సూర్యుడు వాగు అవతల తాటిచెట్ల మీదికి దిగుతున్నాడు. అధికారులు గుంపుగా చేరి గుసగుసలాడారు. అలవాటు ప్రకారం ఏం చెయ్యాలో తోచనప్పుడు చేసేదే చేశారు, టీలు పంచమన్నారు. టీతో పాటు తలా ఒక బెల్లంపాకం పల్లీ అచ్చు ఇచ్చారు. జకరయ్య మాత్రం ఆ గొయ్యినే చూస్తున్నాడు. ఇంకాసేపట్లో తోట మూతపడుతుంది. అత్తకిచ్చిన మాట గాలికి పోతుంది. అతని కళ్లు చెమర్చాయి. పొద్దున్నించీ ఏమీ తినని సువార్తమ్మ అచ్చు తీసుకుని గట్టిగా కొరికింది.

"అయ్యో!"

ఆ కేకకు జకరయ్య కుర్చీ ముందుకు ఒక్క గంతు వేశాడు. "అత్తా! అత్తా! ఏమైంది?"

సువార్తమ్మ అరచెయ్యి తెరిచి చూపించింది. "పన్నూడింది రా. దరిద్రపు అచ్చు, రాయిలాగుంది." అని దాన్ని గోడ అవతలికి విసరబోయింది.

"ఆగండి!"

పరాంకుశరావు పరుగెత్తుకొచ్చాడు. ఉద్యోగంలో చేరాక ఆయన పరుగెత్తడం అదే మొదటిసారి. రెండు కుర్చీలు పడిపోయాయి.

"అమ్మా, ఇది మీదేనా?"

"నాది గాక నీదా?"

"శరీర భాగమేనా?"

"మరేంది?"

"నిర్జీవమేనా?"

"ఇందాకటిదాకా బాగానే ఉందయ్యా."

పరాంకుశరావు మంత్రిగారి వైపు తిరిగాడు. ఆయన గొంతు ఖంగున మోగింది. "సార్, ఇళ్ల పథకంలో పునాదికి ఒక విడత, గోడలకు ఒక విడత, స్లాబుకు ఒక విడత. లబ్ధి మొత్తం ఒకేసారి పూర్తి కావలెనని ఏ నిబంధనలోనూ లేదు. ప్రథమ లబ్ధిదారుకు సంబంధించి ఇది మొదటి విడత!"

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. నవ్వు నెమ్మదిగా మీసాల కిందికి వచ్చింది. "మిగతా విడతలు?"

"లబ్ధిదారు సౌలభ్యాన్ని బట్టి సార్."

అగ్గిపెట్టె ఖాళీ చేసి, దూది పరిచి, పన్ను అందులో పెట్టారు. కృపాదానం గారు గ్రంథం తెరిచి, దీనికి ఏది చదవాలో తెలియక రెండుమూడు పుటలు అటూ ఇటూ తిప్పి, చివరికి మన్ను మన్నైపోవునన్న మాట చదివారు. పాట మొదలుపెట్టారు. సువార్తమ్మ అందరికంటే గట్టిగా పాడింది, గాలి పోతున్నా శ్రుతి తప్పలేదు. మధ్యలో ఆగి, తప్పు పాడుతున్న ఒకావిడ వైపు కళ్లెర్రజేసింది కూడా. మంత్రిగారు గుప్పెడు మట్టి వేశారు. పరాంకుశరావు వేశాడు. జకరయ్య కూడా వంగి గుప్పెడు వేశాడు. సూర్యుడు దిగిపోకముందే గొయ్యి పూడ్చేశారు. అగ్గిపెట్టెకు అంత గొయ్యి ఎక్కువే అయింది, కానీ కొలతలు ముందే మంజూరయ్యాయి కనుక ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. గుండ్లవాగుపాలెం శ్మశానవాటిక శ్రీమతి సువార్తమ్మ గారి పన్నుతో సక్రమంగా ఆవిర్భవించినది. మొదటాయన రెండో ఆయనగా క్రమబద్ధం చేయబడినాడు. తక్కినవారందరూ వారి వారి వరసలో ఆ తర్వాత చేరారు. నిలుపుదల ఎత్తివేయడమైనది. పరాంకుశరావుకు ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడాయన సముద్రతీరంలో ఉన్నాడు. సముద్రం ఏ దినమున ఆవిర్భవించినదో విచారణ సాగుతోందట. సువార్తమ్మకు మాత్రం నెల నెలా బత్తాయిల బుట్ట వస్తూనే ఉంది.

ఆ ఉత్తర్వు పాలెంలో చదివి వినిపించిన సాయంత్రం సువార్తమ్మ తోటకు వెళ్తానంది. జకరయ్య వెంట వెళ్లాడు. ఆవిడ ఇస్సాకు సమాధి మీద ఎండుటాకులు చీరకొంగుతో దులిపి, దాని అంచున కూర్చుంది. పక్కన కొత్తమట్టి దిబ్బను ఒకసారి చేత్తో తట్టింది.

"ఇదిగో, వింటన్నావా," అంది సమాధితో. "పెళ్లయిన కాణ్ణించీ నువ్వు ముందు, నేను నీ ఎనక. సంతకు పోయినా, గుడికి పోయినా ఎనక్కి తిరిగి చూసిన పాపాన పోలా. ఆఖరికి ఈడికి కూడా చెప్పాపెట్టకుండా ముందొచ్చి పడుకున్నావు. ఇప్పుడు గవర్నమెంటోళ్లు రాసిచ్చారు. ఈడ నేను ముందు. నువ్వు నా ఎనక. తెలిసిందా?"

జవాబు కోసం అన్నట్టు కాసేపు ఆగింది. ఆ తర్వాత పన్ను ఊడిన సందులోంచి గాలిపోయేలా నవ్వింది. జకరయ్య చెయ్యి అందించాడు.

"ఇంక పోదామా అత్తా?"

"పద. మిగతాది నిదానంగా వస్తాలే అని చెప్పా," అంటూ ఆవిడ లేచి చీర దులుపుకుంది. "ఆయనకేం తొందర లేదంట."